కల్చర్ రిపోర్టులో అన్నీ 'ఆర్'లే, కింద 'ఎన్‌డీఎమ్ పాజిటివ్' అని ఉంది: దీని అర్థం ఏమిటి, ఇప్పుడు ఏం చేయాలి?

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్నగారికి షుగరు ఉంది. ప్రొస్టేటు వాచి మూత్రం ఆగిపోతే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చి పైపు వేశారు. కొన్నాళ్ళు ఐసీయూలో కూడా ఉన్నారు. ఇప్పుడు పైపుతోనే ఇంటికొచ్చారు. జ్వరం లేదు, అన్నం తింటున్నారు, వరండాలో అటూ ఇటూ నడుస్తున్నారు. ప్రొస్టేటు ఆపరేషనుకు ముందు మిగతా టెస్టులతో పాటు యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తే 'క్లెబ్సియెల్లా న్యుమోనియే, లక్షకు పైగా' అని, అంటే ఆ పేరున్న బ్యాక్టీరియా మిల్లీలీటరుకు లక్షకు పైగా ఉందని వచ్చింది. మందుల జాబితాలో దాదాపు అన్నిటికీ ఎదురుగా 'ఆర్' అని ఉంది. చివర 'ఎన్‌డీఎమ్ పాజిటివ్' అని ఒక లైను. మిగతావి పనిచేయనప్పుడు చివరగా వాడే యాంటీబయోటిక్ కోలిస్టిన్ సూదులు వెంటనే మొదలుపెట్టాలని తెలిసినవాళ్ళు భయపెట్టారట. ఇదేం జబ్బు, ఆసుపత్రిలోనే అంటిందా, ఇంట్లో చిన్నపిల్లలకు వస్తుందా, ఆ సూదులు తప్పవా అని అడిగారు.

అమ్మా, నెల్లూరులో చాలా ఏళ్ళుగా మైక్రోబయాలజీ ల్యాబులో ఇలాంటి రిపోర్టుల మీదే సంతకాలు పెడుతున్నాను. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది కాబట్టి. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి, పొంతన లేకుండా మాట్లాడటం లాంటివేవీ లేవు. అలాంటప్పుడు మూత్రంలో క్రిమి కనిపించినంత మాత్రాన యాంటీబయోటిక్ మొదలుపెట్టరు, పెట్టకూడదు. పైపు వేసిన మనిషి మూత్రంలోకి బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకు 3 నుంచి 8 శాతం దాకా ఉంటుంది. నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. అది పైపు లోపలి గోడకు జిగురు పొరలా పట్టుకుని అక్కడే కాపురం పెడుతుంది. మందు ఇస్తే నాలుగు రోజులు పోయినట్టు కనిపిస్తుంది. పైపు ఉన్నంతకాలం మళ్ళీ వస్తుంది, వచ్చేది ఇంకాస్త మొండిదై వస్తుంది. మూత్రం మబ్బుగా ఉందనో, వాసన వస్తోందనో సూదులు వేయించడం కూడా ఇలాంటిదే.

అయితే మీ నాన్నగారి విషయంలో ఒక తేడా ఉంది. ప్రొస్టేటు ఆపరేషను ముందుంది. మూత్రమార్గం లోపల కోత పడే ఆపరేషన్లలో అక్కడున్న బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోగలదు. లక్షణాలు లేకపోయినా మూత్రంలో క్రిమికి మందు ఇవ్వాల్సిన సందర్భాలు రెండే ముఖ్యమైనవి: ఒకటి గర్భిణులు, రెండోది ఇలాంటి ఆపరేషన్లు. అందుకని ఈ రిపోర్టు యూరాలజిస్టు చేతిలో పడాలి. అది కూడా ఆపరేషన్ రోజు పొద్దున కాదు, తేదీ ఖాయం చేసే ముందే. కల్చర్‌ను బట్టి సరిపడే మందును ఆపరేషనుకు కాస్త ముందు ఒకటో రెండో డోసులు ఇవ్వడం వేరు, ఇప్పటినుంచి వారం పది రోజులు ఇంట్లో కోలిస్టిన్ ఎక్కించడం వేరు. రెండోది మీకు అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఆరా తీయండి: ఆ శాంపిల్ ఎక్కడినుంచి పట్టారు? బ్యాగు కింది కుళాయి తిప్పి సీసాలో పట్టి ఉంటే ఆ రిపోర్టును నేను నమ్మను. బ్యాగులో గంటల తరబడి నిలవున్న మూత్రంలో పది బ్యాక్టీరియాలు పొద్దుటికి లక్షలవుతాయి. పైపు మీద ఉండే పోర్టును స్పిరిట్‌తో తుడిచి, సిరంజితో అక్కడినుంచి తీయాలి. పైపు వేసి రెండు వారాలు దాటితే పాత పైపు తీసేసి, కొత్తది వేసి, దాన్నుంచి పట్టిన మూత్రం పంపడం సరైన పద్ధతి. లేకపోతే మూత్రాశయంలో ఉన్నదేమిటో తెలియదు, పాత పైపు మీద ఉన్నదేమిటో మాత్రమే తెలుస్తుంది.

ఇక రిపోర్టు సంగతి. 'ఆర్' అంటే ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగదు, 'ఎస్' అంటే లొంగుతుంది. జాబితాలో యాంపిసిలిన్ ఎదురుగా ఉన్న 'ఆర్' చూసి బాధపడకండి, క్లెబ్సియెల్లాకు అది పుట్టుకతో వచ్చిన గుణం, ప్రతి రిపోర్టులోనూ ఉంటుంది. కోలిస్టిన్ ఎదురుగా 'ఐ' (ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం) అని ఉంటే మందు సగమే పనిచేస్తుందనుకుని కంగారు పడేవాళ్ళు చాలామంది. 2020 నుంచి మన ల్యాబులు ఎక్కువగా అనుసరించే అమెరికా ప్రమాణాల్లో ఈ జాతి బ్యాక్టీరియాకు కోలిస్టిన్ 'ఎస్' అని రాయడమే తీసేశారు. ఉన్నవి 'ఐ', 'ఆర్' రెండే. ఆ మందు మీద నమ్మకం అంతగా తగ్గింది కాబట్టే అలా మార్చారు. పైగా కోలిస్టిన్‌ను బిళ్ళ (మందు అద్దిన చిన్న కాగితపు చక్రం) పెట్టి పరీక్షించకూడదు, ద్రవంలో పలచన చేస్తూ చూసే పరీక్షే చేయాలి. మీ ల్యాబులో ఏ పద్ధతిలో చేశారో అడిగితే తప్పు లేదు.

మీ ఆందోళనకు మూలమైన ఆ చివరి లైను కొంచెం వివరంగా చెప్పాలి. పెన్సిలిన్ నుంచి సెఫ్‌ట్రయాక్సోన్, మెరోపెనెమ్ దాకా ఒక పెద్ద కుటుంబం మందులన్నిటికీ బలం వాటి అణువులో ఉన్న నాలుగు పరమాణువుల చిన్న ఉంగరం. కొన్ని బ్యాక్టీరియాలు ఆ ఉంగరాన్ని తెంచే ఎంజైమును తయారు చేసుకుంటాయి. పెన్సిలిన్‌ను తెంచే ఎంజైము గురించి 1940లోనే, అంటే ఆ మందు బజారులోకి రాకముందే, ఆక్స్‌ఫర్డ్‌లో అబ్రహాం, చైన్ రాశారు. సెఫ్‌ట్రయాక్సోన్ లాంటి మూడో తరం మందులు వచ్చాక వాటినీ తెంచేవి వచ్చాయి. రిపోర్టుల్లో 'ఈఎస్‌బీఎల్' అని రాసేది వాటినే. మన దేశంలో వీటిలో బాగా పాతుకుపోయింది సీటీఎక్స్-ఎమ్-15 అనే రకం. వాటిని తట్టుకోవడానికి మెరోపెనెమ్, ఇమిపెనెమ్ లాంటి కార్బాపెనెమ్‌ల వాడకం పెరిగింది. దాంతో వాటినీ తెంచే ఎంజైములు తలెత్తాయి. ఎన్‌డీఎమ్ (న్యూఢిల్లీ మెటల్లో-బీటా-లాక్టమేజ్) అలాంటి ఎంజైమే. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ వెళ్ళిన ఒక రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లాలో 2008లో దీన్ని మొదట పట్టుకున్నారు. మీ రిపోర్టులో ఉన్న బ్యాక్టీరియా కూడా ఆ జాతిదే. ఇది కాక ఆక్సా-48 అనే ఇంకో కుటుంబం కూడా మన ఆసుపత్రుల్లో బాగా కనిపిస్తుంది. ఒకే బ్యాక్టీరియాలో రెండూ ఉండటం కూడా మేం తరచుగా చూసేదే.

దీన్ని ల్యాబులో కళ్ళతో చూడొచ్చు. రోగి నుంచి పెరిగిన బ్యాక్టీరియాను కొంచెం తీసి ద్రవంలో కలిపి, అందులో మెరోపెనెమ్ బిళ్ళ ఒకటి వేసి నాలుగు గంటలు వెచ్చగా ఉంచుతాం. తర్వాత ఆ బిళ్ళను బయటికి తీసి, ఏ మందుకైనా లొంగిపోయే మామూలు ఈ-కోలై బ్యాక్టీరియాను పరిచిన ప్లేటు మీద పెడతాం. మందు చెక్కుచెదరకుండా ఉంటే మర్నాటికి బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడాలి. ఎన్‌డీఎమ్ ఉన్న క్రిమి అయితే ఆ నాలుగు గంటల్లోనే మందును నమిలేసి ఉంటుంది. పొద్దున ప్లేటు తీసి చూస్తే ఆ అమాయకపు ఈ-కోలై బిళ్ళను ఆనుకునే దాకా పెరిగి ఉంటుంది. ఇదే పరీక్షలో ఇంకో గొట్టంలో ఈడీటీఏ అనే రసాయనం కలుపుతాం. ఎన్‌డీఎమ్ పనిచేయడానికి జింకు కావాలి. ఈడీటీఏ ఆ జింకును లాగేసుకుంటుంది, ఎంజైము చతికిలబడుతుంది, బిళ్ళ చుట్టూ ఖాళీ మళ్ళీ కనిపిస్తుంది. రెండు బిళ్ళలూ పక్కపక్కన ఉన్న ఆ ప్లేటు చూస్తే జూనియర్లకు పాఠం అక్కర్లేదు. ఇప్పుడు జన్యువునే నేరుగా పట్టే కార్ట్రిడ్జి మిషన్లు వచ్చాయి, ఎన్‌డీఎమ్, ఆక్సా-48, కేపీసీ లాంటి ఐదు రకాలను గంటలోపు చెబుతాయి. మీ రిపోర్టు అలాంటి మిషను నుంచే వచ్చినట్టుంది.

అందరికీ అర్థం కావాలని నేను కోరుకునేది ఇక్కడే ఉంది. ఈ జన్యువు సాధారణంగా ఆ బ్యాక్టీరియా సొంత క్రోమోజోములో ఉండదు. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ చుట్ట మీద ఉంటుంది. అది ఒక తాళంచెవుల గుత్తి లాంటిది. అందులో ఎన్‌డీఎమ్ ఒక్కటే ఉండదు. సెఫ్‌ట్రయాక్సోన్‌ను తెంచే జన్యువు, అమికాసిన్ జాతి సూదులను దాదాపు అన్నిటినీ ఒక్క దెబ్బతో పనికిరాకుండా చేసే ఆర్మ్-ఎ లాంటి జన్యువు, సిప్రోఫ్లాక్సాసిన్‌కు, సల్ఫా మందులకు పనికొచ్చేవి ఒకే గుత్తిలో కట్టి ఉంటాయి. మీ రిపోర్టులో ఒకదానికొకటి సంబంధం లేని మందులన్నిటికీ ఒకేసారి 'ఆర్' వచ్చింది అందుకే. నాన్నగారు జీవితంలో ఎప్పుడూ మెరోపెనెమ్ తీసుకోకపోయినా ఆయన ఒంట్లోని క్రిమి దానికి లొంగకపోవచ్చు.

ఈ గుత్తి చేతులు మారుతుంది. రెండు బ్యాక్టీరియాలు ఆనుకున్నప్పుడు సన్నని గొట్టం లాంటి బంధం ఏర్పడి ప్లాస్మిడ్ నకలు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళుతుంది. ఇచ్చినదాని దగ్గర అసలు అలాగే ఉంటుంది. క్లెబ్సియెల్లా నుంచి ఈ-కోలైకి, అక్కడినుంచి ఎంటరోబ్యాక్టర్‌కి, జాతి భేదం కూడా అడ్డం రాదు. జపాన్‌లో 1950ల చివర రక్త విరేచనాల రోగుల్లో, నాలుగు రకాల మందులకు ఒకేసారి లొంగని షిగెల్లా బ్యాక్టీరియా కనిపించినప్పుడు, అక్కడి శాస్త్రవేత్తలు ఈ సంగతి కనిపెట్టారు. మన పెద్దపేగు దీనికి పెద్ద సంత, కోటానుకోట్ల బ్యాక్టీరియా అక్కడ పక్కపక్కనే ఉంటుంది.

ఇప్పుడు మన ఊళ్ళలో జరిగేది దీనికి కలిపి చూడండి. ఉదయగిరి, కనిగిరి వైపు పల్లెల నుంచి వచ్చే రోగులను 'అంతకుముందు ఏం వాడారు' అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: ఆర్‌ఎంపీ దగ్గర మూడు రోజులు సూదులు, ఒక సెలైన్, బిళ్ళలు. ఆ సూది చాలాసార్లు సెఫ్‌ట్రయాక్సోనో అమికాసినో, ఆ బిళ్ళ సిఫిక్సిమో అజిత్రోమైసినో అయి ఉంటుంది. జబ్బు మాత్రం వైరస్ జ్వరమో, మామూలు విరేచనాలో. ఆర్‌ఎంపీలను తిట్టడం నా ఉద్దేశం కాదు. రాత్రి పదకొండింటికి తలుపు తడితే తీసేది వాళ్ళే, ఒకరోజు కూలి పోతే ఇల్లు గడవని మనిషి తొందరగా లేవాలని అడగడంలోనూ తప్పు లేదు. కానీ ఆ సిఫిక్సిమ్ పడ్డప్పుడు పేగులో ఏం జరుగుతుందో చూడండి. దానికి లొంగే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. గుత్తి ఉన్నవి మిగిలి, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తాయి. సిఫిక్సిమ్ చెవి కోసం మిగిలిన క్రిమి ఎన్‌డీఎమ్ చెవిని కూడా మోసుకునే పెరుగుతుంది. చిన్న మందు వాడాం కాబట్టి పెద్ద మందు భద్రంగా ఉంటుందనుకోవడం అందుకే తప్పు. జలుబుకు ఊరికే వేసుకున్న బిళ్ళ కూడా మెరోపెనెమ్‌ను చెడగొట్టగలదు.

మూడో తరం సెఫలోస్పోరిన్లు, కార్బాపెనెమ్‌లు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు విడి రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. మెడికల్ షాపులో అడగగానే ఇచ్చేస్తున్నారంటే ఆ నియమం కాగితం మీదే ఉన్నట్టు. దీన్ని చూసీచూడనట్టు వదిలేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ప్రపంచం మొత్తం మీద 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్‌లో అంచనా వచ్చింది. అందులో మన ఐసీయూల వంతు ఎంత ఉంటుందో ఊహించడానికి ల్యాబులో పనిచేయక్కర్లేదు.

ఆసుపత్రిలోనే అంటిందా అన్నారు. ఒక్క రిపోర్టును బట్టి ఎవరూ చెప్పలేరు. చేరిన రోజు తీసిన కల్చర్‌లో ఇది లేకుండా, రెండు రోజులు దాటాక కనిపిస్తే ఆసుపత్రిలో వచ్చిందని అనుకోవడానికి బలం ఉంటుంది. చేరినప్పుడు మలద్వారం దగ్గర స్వాబ్ తీసి ఉంటే ఆయన పేగులో ముందే ఉందో లేదో తెలిసేది, కానీ మన దగ్గర ఆ అలవాటు చాలా చోట్ల లేదు. ఢిల్లీలో కుళాయి నీళ్ళలో, వీధుల్లో నిలిచిన నీళ్ళలో కూడా ఈ జన్యువు దొరికిందని 2011లోనే లెక్కలతో సహా వచ్చింది, అంటే ఇది ఆసుపత్రి గోడల మధ్య ఆగేది కాదు. అయినా ఐసీయూలో ఇది ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్ళడానికి ముఖ్యమైన దారి చేతులే. పక్క రోగి బ్యాగు ఖాళీ చేసి, గ్లవ్స్ మార్చకుండా మీ నాన్నగారి బ్యాగు ముట్టుకుంటే చాలు. చేతులు కడిగే సింకు గొట్టాల్లో కూడా ఇవి నెలల తరబడి ఉంటాయి, నీళ్ళు జోరుగా పడితే చుట్టూ చిందుతాయి. ఆసుపత్రితో గొడవపడటం కన్నా, వచ్చే ఆపరేషనుకు వెళ్ళినప్పుడు మంచం దగ్గర హ్యాండ్ రబ్ ఉందా, నర్సులు వాడుతున్నారా అన్నది చూసి, లేకపోతే గట్టిగా అడగండి.

ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు వాళ్ళు రొయ్యల చెరువుల మందుల వల్ల ఇదంతా వస్తోందా అని అడుగుతుంటారు. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, ఎగుమతికి ముందు ఆ అవశేషాల కోసం పరీక్షలూ ఉన్నాయి. అవశేషాల పరీక్ష మందు మిగిలిందా అనే చూస్తుంది, ఆ చెరువు బురదలో ఏ జన్యువులు పెరిగాయో చూడదు. కాబట్టి చెరువులో ఇష్టమొచ్చినట్టు మందు చల్లడం మంచిది కాదనే నేనంటాను. కానీ బాగా ఉడికిన రొయ్యల కూర తిన్నందువల్ల మీ నాన్నగారికి ఇది రాలేదు. కోళ్ళ దాణాలో కోలిస్టిన్ కలపడాన్ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. దానికి నాలుగేళ్ళ ముందు, 2015లో, కోలిస్టిన్‌ను ఎదిరించే ఎంసీఆర్-1 జన్యువు చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో ప్లాస్మిడ్ మీద దొరికింది. ఈ చివరి మందు కూడా గుత్తిలోకి చేరడం మొదలైందని అందరూ ఉలిక్కిపడింది అప్పుడే.

రేపు నిజంగా జ్వరం వస్తే మందు లేదా అని మీరు భయపడుతున్నారేమో. ఉంది. ఎన్‌డీఎమ్ తెంచలేని మందు ఒకటి ఉంది, దాని పేరు అజ్‌ట్రియోనామ్. చిక్కల్లా, అదే బ్యాక్టీరియాలో ఉండే ఈఎస్‌బీఎల్ దాన్ని తెంచేస్తుంది. అందుకని ఈఎస్‌బీఎల్‌ను అడ్డుకునే అవిబాక్టమ్ ఉన్న సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్‌ను, అజ్‌ట్రియోనామ్‌ను కలిపి ఇస్తారు. రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. ఈ జోడీ పనిచేస్తుందో లేదో ల్యాబులో ముందే చూడొచ్చు. మీ డాక్టరుగారు అడిగితే రెండు బిళ్ళలను దగ్గరగా పెట్టి చూసి చెప్పగలిగే ల్యాబులు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే, ఆ మాట దాచను. ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం వరకే ఉన్నప్పుడు వాడే ఫాస్ఫోమైసిన్ ఈ-కోలైకి సరిపోవచ్చు గానీ, క్లెబ్సియెల్లా మీద దాన్ని నమ్ముకోలేం. కోలిస్టిన్ కిడ్నీల మీద భారం వేస్తుంది. షుగరున్న పెద్దాయనకు, అందులోనూ మూత్రం ఆగి కిడ్నీలు ఇప్పటికే ఇబ్బంది పడ్డ మనిషికి, అది మొదటి ఎంపిక కాకూడదని నా అభిప్రాయం. ఏది ఎంత ఇవ్వాలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూసి డాక్టరే తేల్చాలి.

పిల్లల సంగతి. తాతయ్య ఒళ్ళో కూర్చోవచ్చు, పక్కన పడుకోవచ్చు, కలిసి తినొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఈ క్రిమి పేగులోకి చేరినా సాధారణంగా జబ్బు చేయదు. జాగ్రత్త అంతా మూత్రం, మలం దగ్గరే. బ్యాగు ఖాళీ చేసే మనిషి ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గ్లవ్స్ వేసుకున్నా సరే. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు, మంచం కోడుకు కొక్కెం పెట్టి తగిలించండి. మూత్రం మరుగుదొడ్లోనే పోయాలి, పెరట్లోనో వంటింటి సింకులోనో వద్దు. ఆయన తువ్వాలు వేరుగా ఉంచండి. బట్టలు విడిగా నానబెట్టి ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఇంట్లో అందరికీ కల్చర్ చేయించాల్సిన పనిలేదు. ఇంట్లో పసిబిడ్డ గానీ, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు గానీ ఉంటే ఆయన పైపు పని చేసేవాళ్ళు వాళ్ళ పనులు చూడకుండా ఉంటే మంచిది.

జ్వరం 100 దాటినా, వణుకు వచ్చినా, మూత్రం పోయడం ఆగినా, మనిషి మగతగా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు మొదలుపెట్టే ముందు రక్తం కల్చర్, కొత్త పైపు నుంచి మూత్రం కల్చర్ రెండూ తీయమని అడగండి.

ఈ క్రిమి నెలల తరబడి పేగులో ఉండిపోవచ్చు. కాబట్టి ఇకమీదట ఏ ఆసుపత్రికి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికైనా సరే, ఈ రిపోర్టు ఫోటో ఫోనులో ఉంచుకుని 'మా నాన్నగారికి ఎన్‌డీఎమ్ వచ్చింది' అని ముందే చెప్పండి. చెబితే చేర్చుకోరేమోనని దాచేవాళ్ళున్నారు. దాస్తే మొదటి రెండు రోజులు పనిచేయని మందు ఎక్కుతుంది, పక్క మంచానికి కూడా పాకుతుంది. యూరాలజిస్టును మాత్రం ఈ వారమే కలిసి రెండు ప్రశ్నలు అడగండి: పైపు ఎప్పుడు తీస్తారు, ఆపరేషను రోజు ఏ మందు ఇస్తారు.